మట్టి పాటలో ఖాళీలు

“నా మట్టికి పాట ఎవులెత్తుతారే?” అని మా అమ్మమ్మ అడిగినప్పుడు నేను పాపకు క్యారెట్ ముక్కలు ఉడకబెడుతున్నాను. చంకలో తొమ్మిది నెలల పిల్ల, చేతిలో గరిట.

“ఇప్పుడు ఆ మాటలెందుకు అమ్మమ్మా?”

“ఇప్పుడడక్క, పోనాక అడుగుతానేటి?” అంది. వంటగది గోడకు జారబడి, కాళ్ళు చాపుకుని, తన పాటికి తాను చిక్కుడుకాయలు వలుస్తోంది. బెంగగా అడగలేదు. రేపు కూరేమిటి అన్నట్టే అడిగింది.

అమ్మమ్మది ఉద్దానంలో వజ్రపుకొత్తూరు వైపు, సముద్రం హోరు వినిపించే ఊరు. అక్కడ చాలామందికి వచ్చినట్టే ఆమెకూ కిడ్నీల జబ్బు వచ్చింది. వారానికి రెండుసార్లు ఆటోలో పలాసకు వచ్చి నాలుగు గంటలు డయాలసిస్ మెషీను మీద ఉండేది. ఆ తర్వాత మా అద్దె ఇంట్లో కాసేపు పడుకుని సాయంత్రం ఊరికి వెళ్ళిపోయేది. మా అమ్మ టెక్కలిలో బడి పిల్లలకు వంట చేస్తుంది, సెలవు రోజుల్లో తప్ప రాలేదు. మావయ్య చెన్నైలో సెంట్రింగ్ పని చేస్తాడు. మా ఆయన జీడిపప్పు ఫ్యాక్టరీకి పొద్దున్నే వెళ్ళిపోతాడు. అందుకని అమ్మమ్మకు తోడు నేనే. ఆసుపత్రిలోకి పిల్లను తీసుకెళ్ళకూడదు కాబట్టి ఆ నాలుగు గంటలూ పాపను కింద ఓనరమ్మ దగ్గర దింపేదాన్ని. ఇక్కడ అమ్మమ్మ మెషీను అంకెలు, అక్కడ పాప ఏం నోట్లో పెట్టుకుంటుందో అన్న భయం. ఆ రోజుల్లో నా ఫోను చూస్తే ఓనరమ్మకు చేసిన కాల్సే ఎక్కువ.

పాట ఎత్తడమంటే ఏమిటో చెప్పాలి. అమ్మమ్మ వాళ్ళది బాప్టిస్టు సంఘం. ఎవరైనా చనిపోతే పాస్టరుగారు వాక్యం చదివి ప్రార్థన చేశాక, పెట్టెను గోతిలోకి దించి ఇసుక పోస్తారు. ఇసుక పోస్తున్నంతసేపూ ఒక పాట పాడతారు. పుస్తకంలో దానికి వేరే పేరూ నంబరూ ఉన్నాయి గానీ ఊళ్ళో అందరూ మట్టి పాట అనే అంటారు. నాకు ఊహ తెలియకముందు నుంచీ ఆ ఊళ్ళో మట్టి పాట ఎత్తేది మా అమ్మమ్మే. ఆరు చరణాల పాట. గొయ్యి నిండడం ఆలస్యమైతే రెండో చరణానికి మళ్ళీ వెళ్ళేది, బేగి నిండిపోతుంటే నాలుగోది వదిలేసేది. ఆఖరి పార ఇసుక పడేసరికి ఆఖరి మాట అయిపోవాలి. ఒక్కసారి కూడా తప్పలేదని చెప్పుకునేవాళ్ళు.

చిన్నప్పుడు పిల్లల్ని సమాధుల తోటకు రానిచ్చేవారు కాదు. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు ఎవరైనా పోతే నేను ఇంటి అరుగు మీదే కూర్చునేదాన్ని. జీడి తోటల మీదుగా, గాలిలో, ఆ పాట దూరం నుంచి వచ్చేది. ఎక్కడా తెంపు లేకుండా, ఒక్క దారంలా. నాకు తెలిసిన మట్టి పాట అదే. పెద్దయ్యాక చదువు, పెళ్ళి, నీళ్ళోసుకోవడం. ఏదో ఒక కారణంతో తోటదాకా వెళ్ళనే లేదు.

ఈలోగా ఊళ్ళో చావులు మారిపోయాయి. ఇదివరకు ఎవరు పోయినా పొద్దు గుంకేలోపు పూడ్చేయాల్సిందే. మా తాతయ్య పోయినప్పుడు మావయ్య చెన్నై నుంచి వచ్చేసరికి ఇసుక కుప్ప మాత్రమే మిగిలింది. ఇప్పుడు పలాసకు ఒక్క ఫోను చేస్తే గంటలో ఫ్రీజర్ పెట్టె వచ్చేస్తుంది. దూరాన ఉన్నవాళ్ళు రైలెక్కి వచ్చేదాకా మనిషి పడుకున్నట్టే ఉంటుంది. ముసలివాళ్ళకు అది గిట్టదేమో అనుకుంటాం గానీ అమ్మమ్మకు ఆ పెట్టె అంటే ఎంత ఇష్టమో. “అప్పుడీ పెట్టె ఉండుంటే నా కొడుకు తండ్రి మొకం సూసీవోడు” అనేది. ఎండాకాలంలో ఎవరింట్లోనైనా ఆ పెట్టె పక్కన కూర్చోవలసి వస్తే, “బతికినన్నాళ్ళూ ఇసనకర్రలు, సచ్చినాక ఏసీ. మనోల జాతకాలు ఇలగే ఉంతాయి” అని నవ్వించేది.

ఆమెకు గిట్టనిది ఒక్కటే. చక్రాల స్పీకరు.

సంఘంలో యువకులు చందాలు వేసుకుని కొన్నారు. దానికి పెన్‌డ్రైవ్ తగిలించి, స్టూడియోలో కీబోర్డు, డప్పులు కలిపి పాడించిన పాటలు పెడతారు. మొదటిసారి అది సమాధుల తోటకు వచ్చిన రోజు, ఇసుక పోయడం మొదలవగానే అమ్మమ్మ ఎప్పటిలాగే నోరు తెరిచిందట. అదే క్షణంలో స్పీకరు అందుకుంది. ఆమె నోరు మూసుకుంది. మిగిలినవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. పాట సగంలో ఉండగానే గొయ్యి నిండిపోయింది. స్పీకరు మాత్రం ఎవరి కోసమో మిగతా చరణాలు పాడుతూనే ఉంది. ఆ రోజు ఇంటికొచ్చి చిన్నమ్మమ్మతో అందట, “పెట్టె పాడతంటే ఇంక మనుసులకి నోరెందుకే?” అని.

చిన్నమ్మమ్మ అని పిలుస్తాను గానీ ఆమె మాకు చుట్టం కాదు. అమ్మమ్మ పక్కిల్లు. చదువు రాదు. పాటలన్నీ అమ్మమ్మ గొంతు విని నేర్చుకున్నవే. తోటలో ఎప్పుడూ అమ్మమ్మకు ఎడంపక్క నిలబడేది. ఆ తర్వాత జబ్బు ముదిరి అమ్మమ్మ తోటకు వెళ్ళడం మానేసింది. స్పీకరుకు అడ్డు చెప్పేవాళ్ళు లేకపోయారు.

ఇదీ ఆ ప్రశ్నకు వెనకున్న కథ. నా మట్టికి పాట ఎవులెత్తుతారే అంటే, నా మట్టికి మనుషులు పాడతారా, పెట్టె పాడుతుందా అని.

దానికి జవాబు ఆమే వెతుక్కుంది, అదీ డయాలసిస్ మంచం మీద.

ఒక మంగళవారం ఆమె మెషీను మీద ఉండగా ఊళ్ళో ఒక పెద్దాయన భూస్థాపన జరుగుతోంది. దూరాన ఉన్న బంధువుల కోసం వాళ్ళ ఇంటివాళ్ళు లైవ్ పెట్టారు. అమ్మమ్మ ఒక చేతికి సూదులు ఉన్నాయి, రెండో చేత్తో నా ఫోను పట్టుకుంది. తెర మీద కింది నుంచి పైకి దండాల బొమ్మలు తేలిపోతున్నాయి.

“ఈ సేతులేటే, ఇన్ని ఎగుర్తన్నాయి?”

“రాలేనివాళ్ళు పెట్టే దండాలు అమ్మమ్మా.”

“మరి నాది కూడా ఒకటి ఎగరెట్టీ.”

ఒకటి పెట్టాను. చాలదంది. ఆయన తనకంటే పెద్దవాడట, రెండు పెట్టమంది. ఇంతలో అక్కడ ఇసుక పోయడం మొదలైంది. స్పీకరు అందుకుంది. తెర మీద జనం చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“నోర్లు తెరవండర్రా!” అని అమ్మమ్మ ఫోనును గదమాయించింది.

పక్క మంచం మీదున్నాయన కళ్ళు తెరిచాడు. “ఆలకి నీ మాట ఇనపడదు అప్పా.”

“ఇనపడకపోతే పోనీ” అని, ఫోను పొట్ట మీద బోర్లించి, పాట ఎత్తింది.

ఒక వరుస పాడి ఆగింది. గడ్డం కొంచెం పైకెత్తి, నోరు మూసుకుని అలా ఉండిపోయింది. ఆయాసం వచ్చిందనుకుని నేను సిస్టర్ని పిలవబోయాను. అంతలో మూడో మంచం మీద, మందస వైపు నుంచి వచ్చే ఒకావిడ అదే వరుస సన్నగా పాడింది. కొంచెం ఆలస్యంగా అందుకుందిలే అనుకున్నాను. అమ్మమ్మ రెండో వరుస పాడింది. ఈసారి ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. పాట రాని పక్క మంచం ఆయన వేలితో మంచం పట్టీ మీద తాళం వేశాడు. సిస్టర్ పరుగున వచ్చింది.

“అమ్మా, నీ బీపీ చూశావా? ఇది హాస్పిటలు!”

“నాను బీపీ కోసం పాడట్లేదమ్మా. మనిసి కోసం పాడతన్నాను.”

సిస్టర్ కోపంగా ఉండాలని చాలా ప్రయత్నించింది. “సరే, ఆ రెండో చరణం మెల్లగా కానీ” అని వెళ్ళిపోయింది. నేను మాత్రం పాట అయ్యేదాకా అంకెల వైపే చూస్తూ కూర్చున్నాను.

తిరిగి వస్తుంటే ఆటోలో అడిగింది. “నా గొంతు ఆ ఫోన్లో దాసీగలవేటి?”

“దాయొచ్చు.”

“అయితే దాసీ. పెట్టె పాడకపోతే ఒప్పుకోరు కదా ఈ కుర్ర గుంటలు. పెట్టెలోంచి నానే పాడతాను. నా మట్టికి నానే పాట ఎత్తుతాను.” చెప్పి, పెద్ద పనయిపోయినట్టు వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

నాకది ఇష్టం లేకపోయింది. రికార్డు చేస్తే చావును పిలిచినట్టవుతుందేమోనని మూడు వారాలు ఏవో సాకులు చెప్పాను. పాపకు పళ్ళు వస్తున్నాయన్నాను, ఫోను వేడెక్కిపోతోందన్నాను. చివరికి ఆమే ఒక మధ్యాహ్నం వంటగదిలో కూర్చుని, “ఈ రోజు అవ్వకపోతే నాను అన్నం తినను” అంది. డయాలసిస్ రోజు ఆమె అన్నం తినకపోతే నేను తట్టుకోలేనని ఆమెకు తెలుసు.

ఫ్యాను చప్పుడు వస్తుందని ఆపేశాను. ఫ్రిజ్ గుర్రుమంటుంటే ప్లగ్ పీకేశాను. బియ్యం డబ్బా మీద ఫోను నిలబెట్టాను. పాప నిద్రపోతోంది.

“నువ్వు మద్దిన నోరు మెదపకు” అంది.

ఒక వరుస పాడింది, ఆగింది. గడ్డం పైకెత్తి నా వైపు చూసింది. నుదుటి మీద చెమట. ఆమెకు నీళ్ళు కొలత ప్రకారమే ఇవ్వాలి. గ్లాసులో రెండు గుక్కలు పోసి అందించబోతే విసుగ్గా తల అడ్డంగా ఊపింది. రెండో వరుస పాడింది, మళ్ళీ ఆగింది. మోకాలి మీద చూపుడు వేలు మెల్లగా కొట్టుకుంటోంది. ఆరు చరణాలూ అలాగే పాడింది. అయ్యేసరికి పన్నెండు నిమిషాలు. నాకు ఆమె ఆగిన ప్రతిసారీ గుండె ఆగింది.

“ఒకసారి వినిపించనా?”

“నా గొంతు నాకెందుకే? ఆలకి కదా” అని అన్నానికి కూర్చుంది. మజ్జిగ చారు బాగుందని రెండుసార్లు చెప్పింది.

ఆ వారంలోనే నేను చేసిన పని ఒకటుంది. రికార్డు విన్నాను. వరుసకీ వరుసకీ మధ్య అంత ఖాళీ. ఆ ఖాళీల్లో ఎక్కడో బయట హారను, పంపు నుంచి బొట్టు పడిన చప్పుడు. ఇది రేపు అందరి ముందూ పెడితే, పాపం ముసలమ్మ ఎంత ఆయాసపడిందో అనుకుంటారు. ఫోను ఆగిపోయిందనీ అనుకుంటారు. పైగా, అరుగు మీద కూర్చుని నేను విన్న పాటకు తెంపు లేదు. ఫోన్లో ఒక యాప్ ఉంది, నిశ్శబ్దంగా ఉన్న ముక్కలన్నీ తనే వెతికి తీసేస్తుంది. ఒక్క మీట నొక్కాను. పన్నెండు నిమిషాల పాట ఐదున్నర నిమిషాలయింది. ఆయాసం లేదు, ఆగడం లేదు. వింటే ఇరవై ఏళ్ళ కింది అమ్మమ్మ పాడినట్టుంది. నేను చాలా సంతోషించాను. ఫోను నిండా పాప వీడియోలే, స్టోరేజ్ అయిపోయిందని రోజూ హెచ్చరిక వస్తోంది. పొడుగు పాట తీసేశాను. కొత్తది పోతుందేమోనని భయపడి మా ఆయన ఫోనుకూ, అమ్మ ఫోనుకూ, నా మెయిల్‌కూ పంపించి అప్పుడు పడుకున్నాను.

అమ్మమ్మ వానలు వెనకబట్టాక పోయింది. సొంత ఇంట్లో, సొంత మంచం మీద, తెల్లవారుజామున. ముందు రోజు చిన్నమ్మమ్మతో చేపల బేరం గురించి పోట్లాడిందట. ఆ మాట విన్నాక నాకు ఏడుపు కొంచెం తేలికైంది.

మేము పలాస నుంచి బయలుదేరేసరికే ఫ్రీజర్ పెట్టె బండి మా కంటే ముందు వెళ్ళిపోయింది. పెట్టె అద్దం మీద తేమ పట్టినప్పుడల్లా చిన్నమ్మమ్మ కొంగుతో తుడుస్తోంది. “సలేస్తందేటి నీకు? ఓర్సుకో, నీ కొడుకు రైల్లో ఉన్నాడు” అని లోపలికి చెబుతోంది. వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. ఫోటోలో అమ్మమ్మ నేత చీరను షాపువాడు కంప్యూటర్లో నీలం పట్టుచీర చేసేశాడు. పోయిన రెండు పళ్ళూ మొలిపించాడు. అమ్మ దాని కింద నిలబడి, ఏడుస్తూనే, “పళ్ళు కట్టించుకోవే అని ఎన్నిసార్లు సెప్పినాను, ఇప్పటికి కట్టించుకుంది” అంది.

మర్నాడు పొద్దున్న మావయ్య వచ్చాడు. అద్దం పైకి లేపారు. అతను చాలాసేపు తల్లి మొహం చేత్తో తడుముతూ కూర్చున్నాడు. అమ్మమ్మ కోరుకున్న వాటిలో ఒకటి అయింది. రెండోది నా చేతిలో ఉంది. దారి పొడుగునా ఛార్జింగ్ ఎంతుందో చూసుకుంటూ నడిచాను.

సమాధుల తోట జీడి చెట్ల మధ్య ఇసుక నేల. పాప వాళ్ళ నాన్న భుజం మీద ఉంది. మావయ్య తన ఫోనును ఒక చెట్టు కొమ్మకు ఆనించి ఎవరికో లైవ్ పెట్టాడు. చక్రాల స్పీకరును ఇసుకలో ఈడ్చలేక నలుగురు ఎత్తుకొచ్చారు. దానికి నా ఫోను కలిపాను. పాస్టరుగారు ప్రార్థన ముగించి, “మన అమ్మ ఎందరికో పాట ఎత్తింది. ఈ దినాన తన పాట తానే ఎత్తుతుంది” అన్నారు. జనంలో ఒక కదలిక వచ్చింది. అందరూ వచ్చారు, పక్క ఊళ్ళవాళ్ళు కూడా. పారలు లేచాయి. నేను ప్లే నొక్కాను.

అమ్మమ్మ గొంతు చెట్ల మీదుగా వెళ్ళింది. మొదటి వరుస కాగానే జనం నోళ్ళు తెరిచారు. నేను నా కళ్ళతో చూశాను, అన్ని నోళ్ళూ ఒకేసారి తెరుచుకున్నాయి. కానీ అప్పటికే రెండో వరుస వచ్చేసింది. మూసుకున్నారు. అది అయ్యాక మళ్ళీ తెరిచారు, మూడోది తోసుకొచ్చింది. ఒకరిద్దరు సగం వరుస పాడి, పాట ముందుకు వెళ్ళిపోవడంతో సిగ్గుపడినట్టు ఆగిపోయారు. రెండో చరణానికి అందరూ చేతులు కట్టేసుకున్నారు. కొందరు ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకుంటున్నారు. అచ్చం ఆ స్టూడియో పాటలకు నిలబడినట్టే. పారలు పడుతున్నాయి. అమ్మమ్మ ఏ పెట్టె పాట వద్దనుకుందో, ఆమె గొంతునే నేను ఆ పెట్టె పాట చేశాను. కానీ ఎక్కడ తప్పు జరిగిందో నాకింకా తెలియలేదు.

చిన్నమ్మమ్మ నా మోచెయ్యి పట్టుకుని గుంజింది. “ఇదేటే? అది ఇలగ పరిగెడతాదేటి? జన్మలో ఇలగ పాడలేదు. మాకు సందేదీ?”

“ఏ సందు?”

“ఒక వరస అదంతాది, ఆగుతాది. ఒక వరస మాం అంతాం. మాం అన్నంతసేపు గెడ్డం ఎత్తి సూత్తాది, ఎవులు నోరు మూసినారో అని. ఆ కాళీలేవీ?”

“నేనే కోసేశాను చిన్నమ్మమ్మా. ఆయాసం అనుకున్నాను.”

ఆమె నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. “సదువుకున్నదానివి. కాళీ కనపడితే కోసీడమేనేటే?” అంది. అప్పుడే పక్కకు తిరిగి పారలు పట్టుకున్నవాళ్ళ మీద కేకేసింది. “ఆగండర్రా! పాటెక్కడ, మీ మట్టెక్కడ? బేగి పూడ్సీసి ఏ బస్సెక్కాలి?”

పారలు ఆగాయి. నేను ఫోను పట్టుకుని పాటను మొదటికి తెచ్చాను. మొదటి వరుస అయిందనుకుని ఆపాను, ఆఖరి మాట సగంలో తెగింది. ఎవరో నవ్వాపుకున్నారు. మళ్ళీ మొదటికి. ఈసారి తెర చూడలేదు, చిన్నమ్మమ్మ నోరు చూశాను. అది తెరుచుకునే ముందు కొంచెం ఊపిరి పీలుస్తుంది. ఆ ఊపిరి దగ్గర బొటనవేలు నొక్కాను.

స్పీకరు ఆగింది. సముద్రం వినిపించింది. తర్వాత ఎడంపక్క నుంచి చిన్నమ్మమ్మ పాడింది, ఆమె వెనక అమ్మ, మావయ్య, పాస్టరుగారు, ఆ వెనక అందరూ. వరుస అయింది. నేను నొక్కాను, అమ్మమ్మ రెండోది పాడింది. ఆపాను, జనం పాడారు. ఫోన్లు ఒక్కొక్కటే దిగాయి. చేత్తో ఫోను ఎత్తి పట్టుకుని నోటితో పాడటం కుదరదేమో. పారలు పాటకు సరిపడా మెల్లగా పడుతున్నాయి. ఆసుపత్రిలో, వంటగదిలో గడ్డం ఎత్తి ఆమె ఎదురుచూసింది ఎవరి కోసమో నాకు అప్పుడు అర్థమైంది. ఒకసారి సిస్టర్ని పిలవబోయి, ఒకసారి నీళ్ళ గ్లాసు అందించబోయానే ఆ మనిషికి.

మూడో చరణం నుంచి నేనూ పాడుతున్నాను. నొక్కడం, ఆపడం, పాడటం. నాలుగో చరణంలో పాప ఏదో చూసి గట్టిగా కేక పెట్టింది. నేను అటు తిరిగాను, వేలు నొక్కడం మరిచిపోయాను. తిరిగి చూసేసరికి జనం ఆగలేదు. స్పీకరు కోసం ఎదురుచూడకుండా, అమ్మమ్మ అనవలసిన వరుస చిన్నమ్మమ్మ అనేసింది, మిగిలినవాళ్ళు అందుకున్నారు. ఆ తర్వాత వరుసా అంతే. నా వేలు మీట మీద అలాగే ఉంది. మళ్ళీ నొక్కలేదు.

గొయ్యి ఇంకా నిండలేదు. చిన్నమ్మమ్మ నాలుగో చరణం కాగానే పారల వైపు ఒకసారి చూసి, రెండో చరణానికి వెళ్ళింది. దానికి ఎవరూ తడబడలేదు. రెండు, మూడు, నాలుగు పాడారు. ఆఖరి పార ఇసుక పడింది. ఒక్క మాట మిగిలిపోయింది, ఒక్కటే. దాన్ని చిన్నమ్మమ్మ చప్పున ముగించేసి, “పోనీలే, నాకిదే మొదులు” అంది సమాధితో.

తోటలోంచి వస్తుంటే ఆమెతో, పొడుగు పాట నా దగ్గర లేదు, చెరిపేశాను అని చెప్పాను. అందాకా దాచుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

“పోనే, దాన్లో ఏటుంది, కాళీలే గదా” అని కొంగుతో నా ముక్కు తుడిచింది, పాపకు తుడిచినట్టు. “మీ మావ ఎవుల్కో లైవ్ పెట్టినాడు గదా. దాన్లో ఉంతాది సూడు.”

ఉంది. మావయ్య చెన్నైలోని తోటి పనివాళ్ళ కోసం పెట్టిన లైవ్ అలాగే నిలిచిపోయింది. పాప నిద్రపోయాక, ఇది రాసే ముందు కూడా ఒకసారి విన్నాను. నా పొరపాట్లన్నీ అందులో ఉన్నాయి. సగంలో తెగిన మాట, ఎవరిదో నవ్వు, పాప కేక. అమ్మమ్మ ఒక వరుస, ఊరంతా ఒక వరుస. కింద ఎగిరిన దండాలు నేను లెక్కపెట్టలేదు.

ఇప్పుడు మట్టి పాట చిన్నమ్మమ్మే ఎత్తుతోంది. స్పీకరు వస్తుంది గానీ దానికి మైకు తగిలించి ఆమె చేతికిస్తున్నారు. ఆమెకు నాలుగు చరణాలే నోటికి వచ్చు, ఐదూ ఆరూ తడబడతాయి. ఎక్కడైనా భూస్థాపన ఉంటే ఆ రోజు పొద్దున్న నాకు ఫోను చేస్తుంది. మొన్న కూడా చేసింది. పాపకు ఇడ్లీ పెడుతున్నాను.

“ఏటి సేత్తన్నావే? సంటిది తిందేటి?”

“తింటోంది చిన్నమ్మమ్మా.”

“ఆ అయిదోది ఒకపాలి సెప్పీ.”

ఫోను స్పీకరులో పెట్టి, ఇడ్లీ ముక్క చిదుపుతూ మొదటి వరుస పాడాను. పాడి ఆగాను. అవతల ఏమీ వినిపించలేదు. వెనక ఎక్కడో కోడి, దగ్గు, ఆమె వరుసను నోట్లో మెదుపుకుంటున్న చప్పుడు. ఇదివరకైతే హలో హలో అని ఉండేదాన్ని. గడ్డం కొంచెం పైకెత్తి ఆగాను. పాప నా వైపు చూసి తనూ గడ్డం ఎత్తింది.

అవతల చిన్నమ్మమ్మ అందుకుంది.